‘అక్కడంతా రికమెండేషన్లే’ అనకండి: ఆడిషన్లకు పిల్లల్ని పంపే సంగీత గురువులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన సంగీత గురువులకు, ఊరూరా పిల్లలకు సరళీ స్వరాల దగ్గర్నుంచి ఓపిగ్గా నేర్పుతున్న తోటి టీచర్లకు నమస్కారం.

ఆకాశవాణి ఆడిషన్ ఫలితాలు వచ్చినప్పుడల్లా మన క్లాసుల్లో ఒకే రకం మాటలు నడుస్తాయి. ఎంపికైన పిల్ల ఇంటివాళ్లు స్వీట్ల డబ్బా పట్టుకొస్తారు. ఎంపిక కాని పిల్ల తల్లి గుమ్మం దగ్గరే నిలబడిపోతుంది. ఆమె మొహం చూడలేక మనం, “అక్కడంతా రికమెండేషన్లేనమ్మా, మీ అమ్మాయి పాటకేం లోటు లేదు” అంటాం. తల్లి తలూపుతుంది. పిల్ల ఏమీ అనదు.

ఆ మాట ఇక అనవద్దని మిమ్మల్ని బతిమాలుకోవడానికే ఈ ఉత్తరం రాస్తున్నాను. నేను గుంటూరు జిల్లాలో ఒక చిన్న ఊళ్లో గాత్రం నేర్పుతాను. ఇంటి ముందు గదే నా క్లాసు. రేడియోకి, కచేరీలు పెట్టే సంగీత సభల వాళ్ల ఎంపికలకి, సంగీత కళాశాలల ప్రవేశానికి, టీవీ పాటల పోటీలకి నా దగ్గర్నుంచి పిల్లలు వెళుతూనే ఉంటారు. ఎక్కువమంది మొదటిసారి వెళ్లినప్పుడు ఎంపిక కారు. కాబట్టి ఎంపిక కాని పిల్లలతోనే నాకు ఎక్కువ పని. మీకూ అంతే అనుకుంటాను.

రేడియో ఆడిషన్‌లో ఎంపికైతే ఇచ్చే ఈ గ్రేడు ఎందుకంత ముఖ్యమో బయటివాళ్లకు అర్థం కాదు. “ఇప్పుడు రేడియో ఎవరు వింటున్నారండీ” అంటారు. మనకు తెలుసు. సభ ఆహ్వాన పత్రికలో పేరు కింద ‘ఆకాశవాణి బి-హై గ్రేడ్ కళాకారిణి’ అని ఉంటే దక్కే మర్యాద వేరు. ఆలయ ఉత్సవాల్లో కచేరీ అడిగినా, సంగీతం టీచరు ఉద్యోగానికి వెళ్లినా, ముందు గ్రేడ్ ఉందా అని అడిగేవాళ్లే ఎక్కువ. కింది నుంచి పైకి బి, బి-హై, ఎ, టాప్. ఈ నాలుగు మెట్లలో ఎక్కడున్నామనేది కళాకారులకు ఇంటిపేరులా అంటుకుని ఉంటుంది.

అంతకు మించి మన ప్రాంతానికి రేడియోతో పాత మమకారం ఒకటుంది. 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రం మొదలైంది. అప్పటి నుంచి ఈ చుట్టుపక్కల ఎన్నో ఇళ్లు భక్తిరంజని వింటూ నిద్ర లేచాయి. బాలాంత్రపు రజనీకాంతరావు గారు, ఓలేటి వెంకటేశ్వర్లు గారు, మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారు పనిచేసిన చోటది. అలాంటి చోట పాడి వచ్చిన పిల్లకు ‘ఎంపిక కాలేదు’ అని కబురు వస్తే, ఏదో ఆఫీసు కాదన్నట్టు అనిపించదు. ఆ మహానుభావులందరూ కలిసి కాదన్నట్టు ఉంటుంది. కాలేజీ వయసు పిల్ల మీద అది ఎంత బరువో మనం తక్కువగా చూడకూడదు. అందుకే మన నోటి నుంచి వచ్చే మొదటి మాటకు అంత విలువ.

ఆడిషన్ ఎలా జరుగుతుందో మనకు తెలిసినా, పిల్లలకూ పెద్దలకూ మనం వివరంగా చెప్పం. మొదట స్టేషన్ స్థాయిలో స్థానిక ఆడిషన్ కమిటీ వింటుంది. అక్కడ నిలిచిన వారి రికార్డింగ్ మ్యూజిక్ ఆడిషన్ బోర్డుకు వెళుతుంది. పాడే మనిషి ఎవరో తెలియకుండా, పేరుకు బదులు నంబరుతో వినిపించాలన్నది ఈ పద్ధతికి పునాది. పిల్ల స్టూడియోలో ఒంటరిగా మైకు ముందు కూర్చుంటుంది. వినేవాళ్లు వేరే గదిలో ఉంటారు. ఎదురుగా తలాడించే వాళ్లెవరూ ఉండరు. భళా అనేవాళ్లు ఉండరు. క్లాసులో మన కళ్లు చూస్తూ పాడటం అలవాటైన పిల్లకు ఆ నిశ్శబ్దమే సగం టెన్షన్.

ఇక పాట విషయం. కచేరీ అయితే వర్ణంతో గొంతు వేడెక్కించి, చిన్న కృతి ఒకటి పాడి, సభ కాస్త సర్దుకున్నాక పెద్ద రాగంలోకి వెళతాం. ఆడిషన్‌లో ఆ అంచెలేవీ ఉండవు. పిల్ల తనకు వచ్చునని పట్టికలో రాసి ఇచ్చిన వాటిలోంచి ఏది అడుగుతారో తెలియదు. మోహన రాగంలో హాయిగా స్వరకల్పన, అంటే అప్పటికప్పుడు స్వరాలు అల్లి పాడటం, సాగుతూ ఉండగా, “చాలమ్మా, భైరవి ఆలాపన అందుకో” అంటారు. ఆ ‘చాలు’ వినగానే పిల్ల బిగుసుకుపోతుంది. బాగా లేదు కాబట్టే ఆపేశారనుకుంటుంది. మోహన గురించి వాళ్లకు తెలియాల్సింది తెలిసిపోయింది కాబట్టి ఆపి ఉంటారని ఆ నిమిషంలో తోచదు. అక్కడి నుంచి భైరవి పాడేది ఆ పిల్ల కాదు, ఆ పిల్ల భయం. నా దగ్గరి పిల్లల్లో ఎంతోమంది జారింది రాగం రాక కాదు, ఈ ‘చాలు’ దగ్గరే. ఈ ఒక్క సంగతి ముందుగా చెప్పి, క్లాసులో మధ్య మధ్య ఆపి వేరే రాగం అడుగుతూ అలవాటు చేస్తే ఎంత తేడా వస్తుందో మీరే చూడండి.

ఇప్పుడు రికమెండేషన్ సంగతికి వస్తాను. రేడియో గుమ్మం దగ్గర పాటతో సంబంధం లేని కారణాలతో మనుషుల్ని ఆపిన రోజులు లేవని నేను అనను. ఉన్నాయి. సర్దార్ వల్లభ్‌భాయ్ పటేల్ గారు సమాచార ప్రసార శాఖ చూసిన కాలంలో, వ్యక్తిగత జీవితం మీద లోకంలో అపవాదు ఉన్నవాళ్లను రేడియోలో పాడించకూడదని నియమం పెట్టారు. ఆ వేటు పడింది తరతరాలుగా పాటే జీవనంగా బతికిన తవాయిఫ్ కుటుంబాల స్త్రీల మీద. వాళ్ల గొంతులో లోపం ఉందని ఎవరూ అనలేదు. తర్వాత 1952లో బి.వి. కేస్కర్ గారు ఆ శాఖకు మంత్రి అయ్యారు. శాస్త్రీయ సంగీతానికి రేడియోలో పెద్ద పీట వేసిందీ ఆయనే, ఆడిషన్ల పద్ధతిని బిగించిందీ ఆయనే. హిందుస్థానీ సంగీత విద్వాంసులు ఎస్.ఎన్. రతన్‌జన్కర్ గారిని ఆ ఆడిషన్లకు పెద్దగా పెట్టారు. అప్పటికే ఏళ్ల తరబడి కచేరీలు చేస్తున్న విద్వాంసులు కూడా మళ్లీ పరీక్షకు కూర్చోవలసి వచ్చింది. చాలామందికి అది తలకొట్టేసినట్టయింది. నిరసనలు జరిగాయి.

మనుషులనే కాదు, వాద్యాన్నీ కాదన్నారు. 1940 నుంచి 1971 వరకు ఆకాశవాణిలో హార్మోనియం మీద నిషేధం ఉంది. మెట్ల మధ్య ఉండే శ్రుతులు దానిలో పలకవు, స్వరాన్ని ఊపి పలికే గమకం రాదు అన్నది కారణం. శాస్త్రం ప్రకారం ఆ మాటలో నిజం ఉంది కూడా. కానీ అవే ఏళ్లలో మన పౌరాణిక నాటకాల పందిళ్లలో హార్మోనియం లేనిదే తెర లేవలేదు. నటుడు పద్యం చివర రాగం తీస్తూ ఎంత దూరం వెళితే అంత దూరం వెంట నడిచి, మళ్లీ పద్యంలోకి తీసుకొచ్చి వదిలేది ఆ పెట్టె వాయించే మనిషే. తెల్లవార్లూ జనం కూర్చుని విన్నారు. ఢిల్లీలో కాదన్నారని తెలిసినవాళ్లు ఆ పందిట్లో ఎంతమంది ఉండి ఉంటారు? వాయించేవాడి వేళ్లు ఆగలేదు. పద్యనాటకం గురించి తలచుకున్నప్పుడల్లా నాకు ఈ సంగతి గుర్తుకొచ్చి మనసు నిండుతుంది. విషయం కాస్త పక్కకు పోయినా మీతో చెప్పకుండా ఉండలేకపోయాను.

కాబట్టి పక్షపాతం అనేది లోకంలో లేదని నేను వాదించడం లేదు. ఆ భయంతోనే పేర్లు దాచి వినే పద్ధతి పుట్టింది. అమెరికాలో బోస్టన్ సింఫనీ ఆర్కెస్ట్రా 1950లలోనే వాయించే మనిషి కనబడకుండా తెర కట్టి ఎంపికలు చేసింది. ఆ తర్వాత అక్కడి ఇతర ఆర్కెస్ట్రాలు కూడా ఆ దారి పట్టాయి. ఎత్తు మడమల చెప్పుల చప్పుడుకు వచ్చింది ఆడమనిషి అని తెలిసిపోతుందేమోనని కొన్నిచోట్ల నేల మీద తివాచీ కూడా పరిచారు. అంత జాగ్రత్త పడినా మనిషి మనిషే. ఎక్కడో ఒకచోట అన్యాయం జరగవచ్చు. జరిగిందని మన దగ్గర ఆధారం ఉంటే, మన పేరు పెట్టి, సంతకం చేసి ఫిర్యాదు ఇద్దాం. నేనూ మీ వెంట వస్తాను. ఆధారం లేనప్పుడు ఆ అనుమానాన్ని పిల్ల చెవిలో వేసి ఇంటికి పంపడం మాత్రం మనం చేయగూడని పని.

ఎందుకంటే ఆ మాట పిల్లను లోపల్లోపల తినేస్తుంది. మొదట, రేపు పొద్దున్న తంబురా పెట్టుకుని కూర్చుంటే ఏం సాధన చేయాలో ఆ పిల్లకు తెలియదు. లోపం పాటలో లేదని మనమే చెప్పాం కదా. ఇక దేన్ని దిద్దుకోవాలి? రెండోది, పక్కనే కూర్చుని నేర్చుకున్న స్నేహితురాలు ఎంపికైతే, ఆ అమ్మాయికి ఎవరో చెప్పి పెట్టారని ఈ పిల్ల నమ్ముతుంది. నిన్నటిదాకా ఒకే పుస్తకంలో చూసి పాడుకున్న ఇద్దరూ మాట్లాడుకోవడం మానేస్తారు. అన్నిటికన్నా నన్ను బాధపెట్టేది మూడోది. ఇదే పిల్ల మళ్లీ వెళ్లి ఎంపికైతే, ఆ గెలుపు కూడా తనది కాకుండా పోతుంది. రికమెండేషన్ ఉంటేనే వస్తుందని నమ్మిన మనసుకు తన గ్రేడ్ మీదే నమ్మకం కలగదు. “మా నాన్న ఎవరితోనైనా చెప్పించాడా?” అని ఒకమ్మాయి నన్ను అడిగింది. పాసై వచ్చి అడిగింది. ఆమె నాన్న రైల్వేలో గ్యాంగ్‌మన్. ఆయనకు రేడియో స్టేషన్ గేటు ఎటుందో కూడా తెలియదు.

ఇంకో మాట అడుగుతాను. మీ మీద గౌరవంతోనే అడుగుతున్నాను. ఆ మాట మనం పిల్ల కోసం అంటున్నామా, మన కోసం అంటున్నామా? శిష్యురాలు ఎంపిక కాకపోతే ఊళ్లో వేలు మన వైపు కూడా చూపిస్తారు. వచ్చే నెల ఇద్దరు పిల్లల్ని వేరే మాస్టారి దగ్గరికి మార్చేస్తారేమోనన్న భయం ఉంటుంది. ఫీజుల మీద నడిచే ఇళ్లు మనవి, ఆ భయం చిన్నదేం కాదు. కానీ మన పరువును నిలబెట్టే బరువు ఆ పిల్ల మీద పెట్టకూడదు.

దీనికి ఎదురు కొసన మరికొన్ని మాటలున్నాయి. “నీకు రాసిపెట్టి లేదు.” “ఇంకా సాధన చాలదు.” “అమితాబ్ బచ్చన్‌నే రేడియో వాళ్లు వద్దన్నారట, నువ్వెంత!” మొదటిది నోరు మూయిస్తుంది. రెండోది నిజమే కావచ్చు, కానీ ఏ సాధన, ఎక్కడ చాలదో చెప్పకపోతే అది తిట్టుతో సమానం. మూడోది ఓదార్పు అనుకుంటాం. ఎంపిక కాక పెద్దవాళ్లయిన వారి కథ ఒకటి చెప్పుకుంటాం, ఎంపిక కాక పాట మానేసిన వందల మంది కథ ఎవరూ చెప్పరు. పిల్లలకు ఆ తేడా తెలుస్తుంది. మన మాట వింటూ నవ్వి ఊరుకుంటారు, అంతే.

మరేం చేయాలి? నేను చేసేది చెబుతాను. మీ అనుభవంలో ఇంకా మంచి పద్ధతి ఉంటే నేర్చుకుంటాను.

ఫలితం తెలిసిన రోజు సంగీతం ఊసెత్తను. “ఈసారి రాలేదు. ఎందుకో తర్వాత ఇద్దరం కలిసి చూద్దాం” అని మాత్రం అంటాను. ఏడిస్తే ఏడవనిస్తాను. కొన్నాళ్లు క్లాసుకు వచ్చినా పాడించను, చిన్న పిల్లలకు గీతాలు చెప్పమంటాను, లేదా ఊరికే కూర్చుని వినమంటాను. ఇంట్లో వాళ్లకు ఒకటే మాట చెబుతాను: చుట్టాలకు మీరే ఫోన్ చేసి చెప్పేయండి, పిల్లను అడగనివ్వకండి. ఆడిషన్ కన్నా పెళ్లిళ్లలో, ఫంక్షన్లలో “ఏమైందే నీ రేడియో?” అనే ప్రశ్నకే పిల్లలు ఎక్కువ భయపడతారు.

కాస్త తేరుకున్నాక ఆ రోజు జరిగింది మొదటి నుంచి చెప్పమంటాను. పాట గురించి కాదు, పొద్దున్న లేచిన దగ్గర్నుంచి. ఏ బస్సు ఎక్కారు, ఏం తిన్నారు, ఎంతసేపు కూర్చోబెట్టారు, పిలిచేసరికి గొంతు ఎలా ఉంది. ఇవి చిన్న సంగతులని వదిలేస్తే చాలా పోగొట్టుకుంటాం. ఒకమ్మాయి తెల్లవారుజామున బస్సెక్కి, కిటికీ పక్కన చలిగాలికి కూర్చుని వెళ్లి, నీళ్లు తాగితే మధ్యలో లేవాల్సి వస్తుందని గొంతు తడుపుకోకుండా పాడింది. తారస్థాయిలో షడ్జం దగ్గర గొంతు పట్టేసింది. దానికి మనోధర్మం, అంటే సొంతంగా అల్లి పాడే పాఠం, చెప్పి ఏం ప్రయోజనం? ముందురోజు రాత్రే ఆ ఊరు చేరుకోవాలి, అంతే దానికి మందు.

ఆ తర్వాత అవే పాటలు, అదే వరసలో, ఎదురుగా ఎవరూ లేకుండా ఫోన్లో రికార్డు చేయమంటాను. ఎలక్ట్రానిక్ తంబురా కాస్త దూరంగా, ఫోన్ దగ్గరగా. ఆ రికార్డింగ్‌ను ముందు పిల్ల ఒక్కతే వినాలి. మనం పక్కన కూర్చుంటే మన మొహం చూసి తీర్పు చదువుకుంటుంది. తనంతట తాను వింటే పది సార్లు మనం చెప్పినా ఎక్కనిది ఒక్కసారికే వినిపిస్తుంది. ఎత్తుకున్న లయ వేగం చరణం వచ్చేసరికి పరుగైపోవడం, స్వరాలు ముగించి పల్లవి అందుకునే చోట తొట్రుపడటం, మధ్యమం ఒక వెంట్రుకవాసి కిందికి దిగడం, ఊపిరి కోసం మాటను మధ్యలో విరిచేయడం.

ఈ చివరిది మన పిల్లల్లో ఉండటం నాకు చాలా బాధ. త్యాగరాజ స్వామి, రామదాసు, అన్నమయ్య, క్షేత్రయ్య రాసింది మన భాషలో. తమిళ, కన్నడ పిల్లలు అర్థం అడిగి తెలుసుకుని మరీ పదాలు విడగొట్టుకుంటుంటే, తెలుగు పిల్లలు తెలిసినదే కదా అని మాటను ఎక్కడ పడితే అక్కడ తుంచుతున్నారు. కృతి చెప్పేముందు సాహిత్యాన్ని పాఠంలా చదివించి, అర్థం పిల్లతోనే చెప్పించడానికి ఎంతసేపు పడుతుంది? ఆడిషన్ ఉన్నా లేకపోయినా చేయవలసిన పని ఇది.

పిల్ల విన్నాక మనం వింటాం. అక్కడితో ఆపకండి. ఆ పిల్ల ఎవరో తెలియని వేరే గురువుకు, వీలైతే మన బాణీ కాని వారికి, ఆ రికార్డింగ్ వినిపించండి. పేరు చెప్పకండి, ఆడిషన్ సంగతి చెప్పకండి. ఏమనిపించిందో చెప్పమనండి. మన చెవికి మన శిష్యుల పాట అలవాటైపోయి ఉంటుంది. వాళ్లు ఏం పాడబోతారో ముందే తెలుసు కాబట్టి, పాడనిది కూడా మనకు వినిపిస్తుంది. బయటివారికి పాడినదే వినిపిస్తుంది. కమిటీకి కూడా అంతే.

అలా వచ్చిన మాటలన్నీ ముందు పెట్టుకుని చూస్తే ఒక సంగతి తెలుస్తుంది. కొన్ని సాధనతో పోయేవి. శ్రుతి, లయ నిలకడ (కాలప్రమాణం), సాహిత్యం. కొన్ని ఆ రోజుకు సంబంధించినవి. జలుబు, నిద్ర లేకపోవడం, పరిచయం లేని మృదంగంతో సర్దుకోలేకపోవడం. కొన్ని మాత్రం వినేవారి అభిరుచి. నా దగ్గర ఒకమ్మాయి గొంతు చాలా మెత్తన. విలంబకాలంలో, అంటే నెమ్మది నడకలో, ఆనందభైరవి రాగం పాడితే గదిలో గాలి కూడా ఆగి వింటున్నట్టుంటుంది. ఆ గొంతులో మెరుపు వేగంతో స్వరాలు రావు. ఒకచోట ‘వేగం లేదు’ అన్నారు, ఇంకోచోట ‘ఇంత నెమ్మది ఈ వయసు పిల్లలో ఎక్కడా వినలేదు’ అని మెచ్చుకున్నారు. ఆ అమ్మాయిని వేగం కోసం తోమడం నేను మానేశాను. ఏది దిద్దుకోవాలో, ఏది తన సొంతం కాబట్టి కాపాడుకోవాలో తేల్చి చెప్పడమే ఎంపిక కాని పిల్లకు మనం చేయగల సహాయం. రికమెండేషన్ అనేస్తే ఆ వెతుకులాటే మొదలుకాదు.

అందరూ మళ్లీ వెళ్లాలని కూడా నేను అనను. ఒక వయొలిన్ పిల్లవాడు ఎంపిక కాలేదు. కారణాలు వెతికాం, దిద్దుకున్నాడు, బాగా వాయిస్తున్నాడు. మళ్లీ దరఖాస్తు పెడదామంటే తనకు ఇష్టం లేదన్నాడు. గుడిలో వాయించుకుంటాను, డాన్సు ప్రోగ్రాములకు వాయిస్తాను, అది చాలన్నాడు. భయపడి అంటున్నాడా, నిజంగా అంటున్నాడా అని చాలా కాలం గమనించాను. నిజంగానే అన్నాడు. వాళ్ల నాన్నగారికి నచ్చజెప్పడమే కష్టమైంది.

టీవీ పోటీల గురించి ఎక్కువ రాయను. రేడియోలో పోతే ఆ సంగతి పిల్లకు, మనకు, ఇంట్లోవాళ్లకు తెలుస్తుంది. అక్కడ పోతే కెమెరా పిల్ల కన్నీళ్ల మీద ఆగుతుంది, వెనక సంగీతం వేస్తారు, బంధువులంతా చూస్తారు. పదేళ్ల లోపు పిల్లల్ని వాటికి పంపవద్దని నా దగ్గరికొచ్చే తల్లిదండ్రులకు తెగేసి చెబుతాను. కొందరు కోప్పడి వెళ్లిపోతారు. వెళ్లనివ్వండి.

ఆడిషన్లు పెట్టే సంస్థల పెద్దలెవరైనా ఈ ఉత్తరం చదువుతుంటే వారికి కూడా ఒక మనవి. రేడియో కావచ్చు, సభ కావచ్చు, కళాశాల కావచ్చు. ఎంపిక కాలేదని తెలిపే కాగితంలో రెండు వాక్యాలు కలపండి. ‘తారస్థాయిలో శ్రుతి చూసుకోవాలి.’ ‘ఆలాపనలో రాగస్వరూపం తొందరగా తేలాలి.’ ఇంత చాలు. మీరు వినేటప్పుడు మార్కులు వేస్తారు, ఏదో ఒకటి రాసుకుంటారు కదా, దాన్నే ఇవ్వండి. కారణం తెలియని చోటే రికమెండేషన్ అనే పుకారు పుడుతుంది. కారణం రాసిస్తే మీ మాట మీద గౌరవం పెరుగుతుంది, మా పని సగం సులువవుతుంది. దూరం నుంచి సొంత ఖర్చులతో వచ్చి పాడి వెళ్లిన పిల్లకు ఆ రెండు వాక్యాలు దక్కడం న్యాయం.

వయొలిన్ విద్వాంసులు ద్వారం వెంకటస్వామి నాయుడు గారి కథ మీకందరికీ తెలుసు. 1919లో విజయనగరంలో మహారాజా వారి సంగీత కళాశాల పెట్టారు, హరికథకు పేరుపడ్డ ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి అధ్యక్షులు. నాయుడు గారు అక్కడ విద్యార్థిగా చేరదామని వెళ్లారనీ, వాయించి వినిపిస్తే దాసుగారు ఆయన్ని విద్యార్థిగా కాదని వయొలిన్ అధ్యాపకుడిగా తీసుకున్నారనీ చెబుతారు. అప్పటికి నాయుడు గారికి పాతికేళ్లు. 1936లో ఆయనే ఆ కళాశాలకు ప్రిన్సిపాల్ అయ్యారు. మనం ఈ కథ చెప్పినప్పుడల్లా నాయుడు గారి ప్రతిభ గురించే చెప్పుకుంటాం. నాకు మాత్రం విన్న దాసుగారి చెవి మీదికి మనసు పోతుంది. కుర్రవాడు అడిగినదాన్ని పక్కనపెట్టి, వినిపించినదాన్ని విన్నారు. కమిటీల్లో కూర్చునేవారికీ, క్లాసుల్లో కూర్చునే మనకూ కావలసింది అదే.

ఇక మీకు నా ప్రతిపాదన. మన చుట్టుపక్కల ఊళ్లలో నేర్పే టీచర్లం ఒకరి పిల్లల రికార్డింగులు ఒకరం వినే ఏర్పాటు చేసుకుందాం. పేరు ఉండదు, ఊరు ఉండదు, గురువు ఎవరో ఉండదు. ఒక నంబరు మాత్రం ఉంటుంది. విన్నవాళ్లు ఒక పేజీ రాసి పంపాలి: ఏది బాగుంది, ఏది దిద్దాలి, ఏది ముట్టుకోకుండా వదిలేయాలి. ఇందులో డబ్బు మాట వద్దు. శిష్యుల్ని లాక్కునే మాట అసలే వద్దు. ఆడిషన్‌కు వెళ్లేముందు ఒకసారి, ఫలితం వచ్చాక ఒకసారి. చిన్న ఊరి పిల్లకు తన గురువు కాక ఇంకొకరు శ్రద్ధగా విని రాసిన కాగితం చేతిలో ఉంటుంది.

నా దగ్గర ఈసారి ఎంపిక కాని పిల్లల రికార్డింగులు సిద్ధంగా ఉన్నాయి. ఇద్దరు గాత్రం, ఒకరు వీణ. వీణ నాకు అంతగా రాదు కాబట్టి, వీణ నేర్పే మాస్టార్లు, టీచర్లు ఎవరైనా ముందుకొస్తే ముందు అదే పంపుతాను. మీ పిల్లలవి నాకు పంపండి. పూర్తిగా వింటాను, మధ్యలో ‘చాలు’ అనను, విన్నది విన్నట్టు రాస్తాను.

భవదీయురాలు,
గుంటూరు జిల్లా నుంచి ఒక సంగీతం టీచరు